అక్కడవాళ్ళు

మైలాపూరు స్టేషన్లో రైలు దిగి మెట్ల మీద ఉన్నాను. ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల ఒక పెద్దావిడ గొంతు.

"మేడమ్మా, డాక్టరమ్మ తప్పిపోయింది."

"అయ్యో, ఎక్కడ? ఎప్పటినుంచి కనిపించడం లేదు? చుట్టుపక్కల వెతికారా?" అని గాభరాగా అడిగాను.

ఆవిడ చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అట్ట గాదు మేడమ్మా. తప్పిపోయింది. తెల్లారుజామున, నిద్దర్లోనే. సాయంత్రం ఎత్తుతారు. వస్తే రాండి."

నేను తెనాలి దగ్గర పుట్టినదాన్ని. మా వైపు తప్పిపోవడమంటే తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోవడమే. డాక్టరమ్మ వాళ్ళ వీధిలో మాత్రం మనిషి పోతే చచ్చిపోయిందనరు, తప్పిపోయిందంటారు. ఆ మాట గురించి డాక్టరమ్మ రాసిన పేజీలు చదివి ఆమోదించినదాన్ని నేనే. గైడుగా కింద సంతకం పెట్టినదాన్నీ నేనే. అయినా ఆ క్షణంలో నా చెవికి తెనాలే వినిపించింది. ఆవిడ ఉండుంటే ఈ సంగతి చెప్పి ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. చెప్పడానికి ఆవిడే లేదు. మెట్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

పేరు రాయబుద్ధి కావడం లేదు. కాలేజీలో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. గుమాస్తాలతో సహా అందరికీ అక్కే. వీధిలోవాళ్ళకు చివరి ఏళ్ళలో డాక్టరమ్మ అయింది. ఆ పిలుపుతో ఆవిడకు పెద్ద చిక్కే వచ్చిపడింది. జ్వరమొచ్చినవాళ్ళు, కాలు బెణికినవాళ్ళు గుమ్మం ముందు కూర్చునేవాళ్ళట. "నేను మాటల డాక్టర్నిమే, మందుల డాక్టర్ని గాదు" అని చెప్పి, చెప్పాక కూడా లోపలికి పోయి జ్వరం బిళ్ళ తెచ్చి ఇచ్చేదట.

మేము కలిసింది ఒక పాత కాలేజీలో. ఒకప్పుడు ఏ బడీ చేర్చుకోని పిల్లల కోసం పెట్టిన బడి అది. పెరిగి కాలేజీ అయింది, తెలుగు శాఖ వచ్చింది, ఆ శాఖలో పీహెచ్‌డీ కూడా వచ్చింది. పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్ళకు మా కాలేజీ పేరు చెబితే "ఓహో, అదా" అనేవాళ్ళు. ఆ 'అదా' ఎలా పలుకుతారో విన్నవాళ్ళకు తెలుసు. లోపల మాత్రం మాకు ఒకరిని చూసి ఒకరికి జంకు లేదు. దాదాపు అందరం మా ఇళ్ళలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళమే. ఒకతని తండ్రిది మనలి ఫ్యాక్టరీలో లోడింగు పని, ఇంకొకమ్మాయి తల్లిది ఇడ్లీల బండి, మా నాన్న చెప్పులు కుట్టేవాడు. స్కాలర్ల గదిలో కుర్చీలు చాలేవి కావు. ఉన్న ఒక్క ఫ్యానూ తిరగాలా వద్దా అని ఆలోచించి ఆలోచించి తిరిగేది. స్కాలర్‌షిప్పు వస్తుందని చెప్పిన నెలలో ఎప్పుడూ వచ్చేది కాదు. అయినా ఆ గదిలో ఉన్నంత ధైర్యంగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

మా ఇళ్ళలో ఎవరికీ పీహెచ్‌డీ అంటే ఏమిటో తెలియదు. ఇంత చదివాక ఇంకా చదవడమేమిటని అనుమానం. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఒకటే ప్రశ్న, "ఇంకా అవలేదా?" ఆ ప్రశ్నకు మేమంతా నేల చూపులు చూసేవాళ్ళం. అక్క మాత్రం తలెత్తే చెప్పేది.

"ఉడకతా ఉండాది. పచ్చిగా దించమంటావా?"

అక్క నాకంటే బాగా పెద్దది. ఒక కార్పొరేషన్ బడిలో తెలుగు టీచరు. బడి వదిలాక బస్సెక్కి, జుట్టులో చాక్‌పీసు పొడితోనే స్కాలర్ల గదికి వచ్చేది. వాళ్ళమ్మ, అమ్మమ్మ ఈ ఊరి వీధులు ఊడ్చినవాళ్ళు. ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి ఆ పని కోసమే జనాన్ని తీసుకొచ్చి ఉత్తర మద్రాసులో ఒక వీధి చూపించారట. తరాలు మారినా పని మారలేదు. తెలుగు మాత్రం మారుతూ వచ్చింది. ముసలివాళ్ళ నోట ఉంది, నడివయసువాళ్ళ నోట సగం తమిళమైంది, పిల్లలు తెలుగు వింటారు గాని తమిళంలో జవాబు చెబుతారు. ఆ వీధి తెలుగు మీదే అక్క పరిశోధన. వాళ్ళు చెత్తను కసువంటారు. చీపురును పొరకంటారు. పనికి పోవడాన్ని కసువుకు పోవడమంటారు. చుట్టూ ఉన్న నగరం మొత్తం చెత్తను కుప్ప అంటుంటే, ఆ వీధివాళ్ళు మాత్రం ఆ తమిళమాటను ఇంట్లోకి రానివ్వలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"కుప్పకారీ అని పిలిచేది వాళ్ళు గదా పాపా. వాళ్ళ నోట్లో మాట మళ్ళా మనింట్లో ఎందుకు?" అంది. నన్ను పాపా అనే పిలిచేది.

ఆవిడ అలవాట్లు ఒకటీ రెండూ కావు. సెమినారుకు ఎవరొచ్చి ఏం మాట్లాడినా, ప్రశ్నలుంటే అడగండి అనగానే మొదట లేచే చెయ్యి అక్కదే. విషయం తెలిసినా తెలియకపోయినా లేచేది. అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే. "సార్, మీరిప్పుడు చెప్పింది మీ ఇంట్లో ఎట్ట చెప్తారు సార్?" అలంకారాల మీద గంటసేపు దంచినాయన కూడా ఆ ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలేవాడు. ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో ఇవి చెప్పుకోమమ్మా" అని నవ్వేసి, తర్వాత మాతో కూర్చుని టీ తాగి వెళ్ళాడు. ప్రతిసారీ అదే ప్రశ్న ఎందుకక్కా, విసుక్కుంటారు కదా అంటే, "ప్రశ్న అడక్కపోతే మనం వచ్చినట్టు వాళ్ళకెట్ట తెలుస్తాది?" అనేది.

యూనివర్సిటీ సెక్షన్‌కు వెళ్ళేటప్పుడు సంచిలో ఒక చీర, ఫాల్, సూది, దారం పెట్టుకునేది. సంతకం కావాలంటే రేపు రమ్మంటారు కదా. అక్క రేపు రాదు. ఆ ఆఫీసరు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఫాల్ కుట్టుకునేది. పోట్లాట లేదు, బతిమాలడం లేదు. మధ్యలో ఒకసారి దారం పళ్ళతో తుంచి ఆయనవైపు చూసి నవ్వేది. ఆయన బయటికి పోయినా వచ్చేసరికి ఈవిడ అక్కడే. చీర పూర్తయ్యేలోపు సంతకం అయిపోయేది. మా స్కాలర్లలో ఎవరిది ఏ కాగితం ఆగినా ముందు ఇంట్లోవాళ్ళ చీరొకటి తెచ్చి అక్క చేతికిచ్చేవాళ్ళం. ఆ రోజుల్లో మా అందరి ఇళ్ళలోనూ ఫాల్ లేని చీర లేదు.

శనివారాలు నెత్తళ్ళ చేపల వేపుడు తెచ్చేది. డబ్బా మూత మీద చెయ్యిపెట్టి, గది నాలుగు మూలలూ చూసి ప్రకటించేది. "లేచి పొయ్యేవాళ్ళుంటే ఇప్పుడే పొండి. తెరిచినాక పోతే మనసు కష్టమవతాది." ఎవరూ లేచేవాళ్ళు కాదు. పైగా డబ్బా తిరిగి అక్క దగ్గరికి వచ్చేసరికి అడుగున కారం మిగిలేది. గట్టిగా నవ్వేది ఆవిడ. ఆ నవ్వుకు పక్క శాఖవాళ్ళు వచ్చి తొంగిచూసేవాళ్ళు.

మొదట్లో మా ఇద్దరికీ గైడు ఒకరే. మైలాపూరులో ఉండే పెద్దాయన. మంచి మనిషి. స్కాలరుకు జ్వరమొస్తే ఇంటి నుంచి రసం పంపించేవాడు. కానీ ఎర్రపెన్ను పట్టుకుంటే చేతిని ఆపుకోలేడు. అక్క రాసిన ప్రతి 'ఈడ' చుట్టూ, ప్రతి 'ఆడ' చుట్టూ ఒక ఎర్ర సున్నా. మార్జిన్లో 'ఇక్కడ', 'అక్కడ' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"అది నా మాట గాదు సార్, మా వీధి మాట. దాని గురించే గదా థీసిస్సు" అని అక్క.

"తెలుసమ్మా, తెలుసు. కంటికి ఓర్వడం లేదు, అంతే" అని ఆయన.

కొన్నాళ్ళకు ఆయన కన్ను ఓర్చుకోవడం నేర్చింది. ఒకరోజు పాఠం మధ్యలో మాతో "ఆ పుస్తకం ఈడ పెట్టండి" అని, అన్న సంగతి తనకే తెలిసి, చెవులు ఎర్రబడేలా నవ్వుకున్నాడు. అప్పటికి అక్క థీసిస్సు ఒక దారికి వచ్చింది. పార్ట్‌టైము కావడం వల్ల, మధ్యలో వాళ్ళమ్మ మంచాన పడి, ఆ తర్వాత పోవడం వల్ల గడువు మీద గడువు అడిగి ఉంది. ఇక చివరి గడువు. ఆ రోజు సాయంత్రం సెక్షన్ తలుపు మూసేలోపు బైండు చేసిన కాపీలు ఇస్తే సరి. లేకపోతే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

థీసిస్సు అంతా చేత్తో రాసి టైపుకు ఇచ్చింది. వడపళనిలో ఒకాయన డీటీపీ చేసేవాడు. గోదావరి మనిషి. అంతకుముందు సినిమావాళ్ళకు డైలాగులు సాఫు రాసి ఇచ్చేవాడట. తెలుగంటే ప్రాణం. ఆ ప్రాణమే మా కొంప ముంచింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయనే స్వయంగా ఆటోలో కాపీలు వేసుకుని కాలేజీకి వచ్చాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. స్కాలర్లందరం గుమిగూడాం. గైడుగారు కూడా గదిలోంచి వచ్చారు. అక్క చీర కొంగుకు చేతులు తుడుచుకుని ఒక కాపీ తీసుకుని, మధ్యలో తెరిచి, అధ్యాయం పేరు పైకి చదివింది.

"మా వీధి... అక్కడవాళ్ళ మాట."

అక్క రాసింది 'మా వీధి ఆడవాళ్ళ మాట' అని.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అక్క పేజీ తిప్పింది. 'అక్కడపిల్లలు వీధి చివర అక్కడుకుంటారు.' ఇంకో పేజీ. 'బండిని ఇక్కడ్చుకుపోతారు.' ఇంకో పేజీ. 'ప్రామాణిక భాషలోని ఇక్కడ అనే మాటను ఈ వీధివారు ఇక్కడ అని పలుకుతారు.'

డీటీపీ ఆయన ముఖం వెలిగిపోతోంది. "మీ కాపీలో తప్పులు బోల్డున్నాయండి. పాపం టీచరుగారు కదా, బయటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారండి? ఈడ ఉన్నచోటల్లా ఇక్కడ, ఆడ ఉన్నచోటల్లా అక్కడ అని కంప్యూటరుకి చెప్పేశానండి. ఒక్క దెబ్బకి మొత్తం మారిపోయిందండి. కసువులూ పొరకలూ మాత్రం నేనే కూర్చుని మార్చానండి. దీనికి వేరే డబ్బులేం వద్దండి."

ముందు నవ్వింది అక్కే. అక్క నవ్వితే ఇక మేము ఆగుతామా? అక్కడవాళ్ళూ, అక్కడపిల్లలూ అనుకుంటూ కడుపులు పట్టుకుని నవ్వాం. గైడుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. డీటీపీ ఆయన కూడా ఎందుకో తెలియకుండానే కాసేపు మాతో నవ్వాడు. సంగతి అర్థమయ్యాక నేలమీద కూలబడిపోయాడు.

నవ్వు ఆగాక అక్క పుస్తకం చివరికి తిప్పింది. అక్కడ అనుబంధంలో వీధి ముసలివాళ్ళు చెప్పిన ముచ్చట్లు ఉన్నాయి. మొదటిది వాళ్ళమ్మది. పోవడానికి ముందు మంచం మీద చెబుతుంటే ఫోనులో పట్టి, ఒక్క మాట పొల్లుపోకుండా ఎక్కించుకుంది. అక్క ఆ పేజీ చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. చదివి చదివి పుస్తకం మూసేసింది.

దీన్ని వెనక్కి తిప్పడం కుదరదా అని ఎవరో అడిగారు. కుదరదు. ఇప్పుడు ఇక్కడలన్నిటినీ ఈడ చేయమంటే, అక్క సొంతంగా రాసిన మంచి ఇక్కడలు కూడా ఈడలైపోతాయి. పాతది వేరే దాచలేదు. పేజీ పేజీ చూసి, మళ్ళీ టైపు చేసి, మళ్ళీ బైండు చేయించాలంటే సాయంత్రానికి అయ్యే పని కాదు.

"ఇచ్చెయ్యమ్మా" అన్నారు గైడుగారు. "ముందు ఇది సెక్షన్లో పడేద్దాం. తప్పొప్పుల పట్టిక ఒకటి తర్వాత పంపిద్దాం. మళ్ళీ మొదటికి రాకు. నా మాట విను."

మేమంతా అదే అన్నాం. నేను అక్క చేతులు పట్టుకుని అన్నాను. ఇన్నేళ్ళ చదువు, ఇన్ని బస్సులు, బడి అయ్యాక వచ్చిన ఇన్ని సాయంత్రాలు. ఎవరు చదువుతారక్కా అనుబంధాలు?

అక్క గైడుగారివైపే చూసి చెప్పింది. "మా అమ్మ ఇట్ట మాట్లాడదు సార్."

"తెలుసమ్మా. కానీ..."

"ఇది ఆమె మాట్లాడింది గాదు. ఎవురో మాట్లాడి మా అమ్మ పేరు పెట్టినారు. నేనెట్ట ఇచ్చేది?"

ఆయన ఇక బలవంతం చేయలేదు. అక్క కాంటీను నుంచి కాఫీ తెప్పించి, నేలమీద కూర్చున్న డీటీపీ ఆయన చేతికి ఇచ్చింది. "మీరు మంచికే జేసినారు. తాగండి, ఆరిపోతాది" అంది. తర్వాత ఆ కాపీలన్నీ అదే ఆటోలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. సెక్షన్ తలుపు వేళకు మూసుకుంది. అక్క రిజిస్ట్రేషను రద్దయింది.

అక్క ఇక రాదనుకున్నాం. నాకైతే కోపం కూడా వచ్చింది. పట్టుదల మంచిదే, మరీ ఇంత పట్టుదలా అనుకున్నాను. మా అందరివీ ఒక్కొక్కటిగా అయిపోయాయి. గైడుగారు రిటైరయ్యారు. నాకు అదే కాలేజీలో ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళకు పరిశోధన చేయించే అర్హత కూడా వచ్చింది. గదికి నా పేరు పలక తగిలించిన వారమే ఒక సాయంత్రం అక్క వచ్చింది. జుట్టు సగం నెరిసింది, చాక్‌పీసు పొడి ఏదో, తెల్లవెంట్రుక ఏదో తెలియడం లేదు.

"పాపా, నాకు గైడు కావాల. నీ దగ్గర సీటుండాదా?"

"అక్కా, మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. ఎంట్రన్సు రాయాలి, కోర్సువర్కు క్లాసుల్లో నీ కూతురి ఈడు పిల్లలతో కూర్చోవాలి."

"కూర్చుంటా. వాళ్ళిళ్ళల్లో ఎట్ట మాట్లాడతారో అడగొచ్చు గదా."

చేరిన రోజు నుంచి కాలేజీ గేటు లోపల నన్ను మేడం అంది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేది. గేటు దాటి బస్టాపుకు రాగానే, "ఏం పాపా, చిక్కిపోయినావు" అనేది. టైపు ఈసారి ఎవరికీ ఇవ్వలేదు. బడి కంప్యూటరు మీద, ఫోను మీద రెండు వేళ్ళతో తనే కొట్టుకుంది. కసువు అని కొడితే ఫోను ఇంకేవో మాటలు అందిస్తోందని ఫిర్యాదు చేసేది. "దీనిక్కూడా మనం మాట్లాడేది నచ్చలా మేడం" అని నవ్వేది. అదే పని మళ్ళీ మొదటినుంచి చేస్తున్న మనిషిలో ఉండాల్సిన విసుగు ఆవిడలో నేను వెతికాను. ఎప్పుడో ఒకసారి, నా బల్ల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, "నిద్దరొస్తాంది పాపా" అంది. గేటు లోపల పాపా అనడం ఆ ఒక్కసారే. మరుక్షణం లేచి ముఖం కడుక్కుని వచ్చి, తర్వాతి అధ్యాయం తెరిచింది.

ఈసారి థీసిస్సు గడువులోనే వెళ్ళింది. రిపోర్టులు వచ్చాయి. వైవా తేదీ పడింది. వైవాకు ఎవరైనా రావచ్చు; స్కాలరు వచ్చినవాళ్ళందరికీ టిఫిను పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. అక్క వీధి వీధినే పిలిచింది. ఆడవాళ్ళు తెల్లవారుజాము పని ముగించుకుని, స్నానాలు చేసి, పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీరల్లో వచ్చి హాలు వెనక వరుసల్లో కూర్చున్నారు. ముందు వరుసలో ఆచార్యులు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆంధ్రా నుంచి. సన్నగా, బిగుసుకుని ఉండే మనిషి. కాగితాలు సర్దుకుని, "ప్రారంభించండి" అన్నాడు.

అక్క లేచి నిలబడింది. "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారములు. ఇక్కడ నేను ప్రతిపాదించదలచిన అంశమేమిటంటే..." అని మొదలుపెట్టింది.

ఏ సెమినారులోనూ ఎవరి ముందూ మాట మార్చని మనిషి. ఇక్కడ, అక్కడ, తత్ఫలితంగా, పర్యవసానంగా. గొంతు కూడా మారింది, సన్నబడింది. పరీక్షకుడు అడుగుతున్నాడు, అక్క చెబుతోంది. తప్పులేదు, తడబాటులేదు. నా పక్క వరుసలో ఒక ముసలావిడ ఇంకొకామె చెవిలో అంటోంది, "ఎవురిమే ఆ మాట్లాడేది? టీవీలో మాదిరి ఉండాది." అప్పుడు ఆ కంప్యూటరు చేసిన పనే ఇప్పుడు భయం చేస్తోందని నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది. గైడును కాబట్టి మధ్యలో మాట్లాడకూడదు. అక్క డాక్టరేటు పోతుందన్న బెంగ నాకు లేదు, జవాబులన్నీ బాగానే ఉన్నాయి. ఆ డాక్టరేటు అక్క చేతికి కాకుండా ఆ సన్నటి గొంతుకు వెళ్ళిపోతుందేమోనని నా బాధ.

పరీక్షకుడు థీసిస్సు చివరికి తిప్పాడు. "అనుబంధంలో ముచ్చట్లున్నాయి. రాసినదాన్ని బట్టి ఉచ్చారణ నాకు తెలియడం లేదు. మొదటిది కాస్త చదివి వినిపిస్తారా?"

అక్క పుస్తకం అందుకుంది. పేజీ తీసింది. గొంతు సర్దుకుని మొదటి వాక్యం చదివింది. అది వాళ్ళమ్మ మాట. దాన్ని సన్నటి గొంతుతో చదవడం ఎవరివల్లా కాదు.

"ఆపొద్దు సౌకార్‌పేటలో రంగులాడినారు. మర్నాడు తెల్లారి మేం కసువుకు పోతిమి. జూస్తే వీధంతా ఎరుపు, పచ్చ, ఊదా."

"ఊఁ" అంది వెనక ఎవరో. కథ చెబుతుంటే ఊఁ కొట్టడం అలవాటైన నోరు.

"నీళ్ళు జల్లి ఊడ్చినా పొయ్యేది గాదు అది. పొరకకు అంటుకుంటాది, చేతులకు అంటుకుంటాది, మొగానికి అంటుకుంటాది."

"ఊఁ." ఈసారి నలుగురైదుగురు.

"మద్దేనానికి నన్ను నేనే గుర్తు పట్టలా. బస్సులో ఎక్కనియ్యలా. నడిచే వస్తిని."

"ఊఁ." వెనక వరుసలన్నీ. నిశ్శబ్దంగా ఉండండని శాఖాధిపతి వెనక్కి తిరిగి సైగ చేశాడు. ఎవరూ ఆయన్ని చూడలేదు. అక్క గొంతు వెనక్కి వచ్చేసింది. సెమినారు గొంతు, నెత్తళ్ళ డబ్బా గొంతు.

"ఇంటికొస్తే తలుపేసుండాది. లోపల నా కూతురు ఒకతే ఉండాది. కిటికీలో నించి జూసి, ఎవురు నువ్వు, పో, అనింది. మీ యమ్మనిమే, అంటిని. మా యమ్మ ఇట్టుండదు, ఆడికి పో, అని ఏడస్తా ఉండాది. నేను మెట్టు మీద కూలబడి, యాడికి పోయేదిమే నా తల్లీ, ఈడనే ఉండాను, తలుపు తీయిమే, అంటిని."

అక్కడ పేజీ అయిపోయింది. అక్క పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటోంది. పరీక్షకుడు ముందుకు వంగి ఉన్నాడు. చేతిలో పెన్ను ఎప్పుడో కింద పెట్టేశాడు.

"తీసిందా?" అన్నాడు ఆత్రంగా.

అక్క పుస్తకంలోంచి తలెత్తి ఆయనవైపు చూసింది.

"తీసినాను సార్. అట్ట పిలిచేది మా యమ్మొకతే గదా."